మరదలి ముక్కు

అది నేనా బావా? నిజం చెప్పు. కోపం చెయ్య, ఒట్టు. గా సినిమాల పసుపు ఓణీ ఏసుకొని, హీరో డ్యూటీ దిగి ఇంట్లకు వచ్చుడే ఆలస్యం, ఆయన చుట్టూ గిరగిర తిరుక్కుంట "బావా బావా" అని కిలకిల నవ్వుతది చూడు ఒక పోరి... అది నేనేనా?

నేనెప్పుడు ఓణీ ఏసిన బావా? డిగ్రీ చదువుతానని మంథని నుంచి మీ ఇంటికి వచ్చినప్పుడు నా సంచిల ఉన్నవే రెండు డ్రెస్సులు. అండ్ల ఒకటి అక్కదే.

పైంగ పాటొకటి! హీరో మత్తుల ఊగుకుంట నడుస్తడట, మరదలు చెట్లెంబడి ఉరుకుతదట. నా పక్క సీట్ల కూసున్న ఒక అవ్వ, "ఏం పోరే ఇది, అక్క మొగని ఎంబడి పడ్డది, జర సుత సిగ్గులేదు" అన్నది. నేనేమన్ననో ఎరికేనా? "నిజమే అవ్వా, దీనికి పుట్టుకతోనే లేదు" అన్న. ఏం చెయ్యాలె మరి? గా పోరిని నేనే అని చెప్పి దండం పెట్టాల్నా?

నవ్వుతలేవు. ఇంతకుముందైతే గీ మాటకు పగలబడి నవ్వుతుంటివి.

జర జరుగు. అటు కాదు, ఇటు. నేను ఈ మూలకు కూసుంట, నువ్వు ఆ మూలకు. ఎండ ఏం కాదు తియ్యి, నాకు ఇక్కడనే మంచిగున్నది. నీళ్ళ హౌజు గోడ పచ్చిగున్నా పర్వాలే, ఈ చీర ఎట్లనో రేపు ఉతికేదే.

అబ్బ. కాళ్ళు గుంజుతున్నయ్. మ్యాట్నీకి పొద్దుగాల నుంచి ముస్తాబు, సినిమాల రెండున్నర గంటల ఏడుపు, ఆన్నుంచి గీ మామిడితోటకు. నీ సినిమా చూసుడు కూలికి పోయినట్టే అయింది నాకు.

లింగమూర్తన్న నీకోసం తోటంత తిరుగుతుండు. "మన హీరో ఏడ? రాజం ఏడ?" అని. చిన్నప్పటి దోస్తు గదా, నువ్వు లేకుంటే ఆయనకు ముద్ద దిగది. సినిమాల నువ్వు మందు మానేసే సీను రాంగనే ఎంత ఏడ్చిండు, చూసినవా? రుమాలు సరిపోక ఎన్క సీటాయన తువ్వాల గుంజుకున్నడు. ఇంటర్వెల్ల నా చెయ్యి పట్టుకొని, "కోమలా, రేపటిసంది నేను గూడ బంద్, మీ బావ తోడు" అన్నడు. ఇప్పుడు ఆడ చూడు. బీరు డబ్బాల మీద కూసొని, "రేపటిసంది అన్న గదా, ఇయ్యాల ఇంకా అయిపోలే" అంటుండు.

ఇది మనోళ్ళకే చెల్లుతది. ఒక మనిషి తాగుడు మానేసిన ముచ్చటంత "బోర్లించిన గ్లాసు" అని పుస్తకం రాసిండు. గా పుస్తకాన్ని సినిమా తీసిండ్రు. సినిమా మంచిర్యాలల పడ్డది. అయితే ఏం చెయ్యాలె? దావత్ చెయ్యాలె! దావత్ అంటే ఏంది? కోసుటానికి రెండు యాటలు, డ్రమ్ముల ఐసు, ఐసుల సీసాలు. "మనకాడ సచ్చినోళ్ళ దినాలకే సుక్క లేంది నడవది, సినిమాకు నడుస్తదా రాజం?" అన్నడట లింగమూర్తన్న.

నువ్వు వద్దనాలె. అనలే. "నేను ముట్ట, వాళ్ళను కాదంటె ఎట్ల" అన్నవ్. అక్క ఏమన్నది? ఏమనలే. అక్క ఎప్పుడేమన్నది గనుక?

అగో, ఆడ పొయ్యి కాడ బగారన్నం గంజు పక్కన నిలవడ్డది చూడు. ఆడోళ్ళందరు నర్మదమ్మా నర్మదమ్మా అని సినిమా ముచ్చట్లు చెప్తున్నరు. తలకాయ ఊపుతుంది గని కండ్లు ఇటే ఉన్నయ్. నువ్వు కనవడవు, మోటరు రూం అడ్డమున్నది. నేను కనవడుత. నన్నే చూస్తుంది.

నువ్వు స్టీలు గ్లాసు పట్టుకొని ఇటు వచ్చింది ఆమె చూసింది బావా. గదుమతోని నాకు సైగ చేసింది, పో అని. గందుకే వచ్చిన.

గ్లాసుల ఏమున్నదని అడుగుతలే. నల్లగ కనవడుతుంది. కూల్‌డ్రింక్ అంటవ్. అయితే అయితది. అండ్ల ఇంకేమన్న కలిసిందా అని నేను అడుగ. ఇయ్యాల అడుగ.

వేరే ముచ్చట చెప్త, ఆగు.

నీకు మోటర్ వైండింగ్ షాపుంటే సినిమాల నిన్ను తీస్కపోయి బొగ్గుబాయిల ఎందుకు దించిండ్రు? శ్రీరాంపూర్ దిక్కు నువ్వు ఎన్నడన్న పోతే కాలిపోయిన మోటర్లు తెచ్చుటానికి పోయినవ్ గని, బాయిల దిగినవా? డైరెక్టర్ సార్ ఇంటికి వచ్చినప్పుడు అడిగిన. "వైండింగ్ అంటే తెర మీద ఏం కనపడదమ్మా, బొగ్గు అయితే ముఖానికి పూయొచ్చు" అన్నడు. "మరి మా బావ మొఖం అట్లనే ఉంటది సార్, పూసే కష్టం సుత లేదు" అన్న. నువ్వు లోపట చాయ్ కోసం పోయినవ్ అప్పుడు. విననందుకు బతికిపోయిన.

అదీ నిజమే. మోటర్ ముందట కూసొని రాగితీగ ఒక్కొక్క చుట్టు లెక్కపెట్టుకుంట చుట్టుడు ఎవలు చూస్తరు? గని నేను చూసిన. చెయ్యి వణికి చుట్టు తప్పేది. తప్పితే ఇప్పేది. మళ్ళ తప్పేది. ఆఖరికి రైతుల మోటర్లల్ల తీగ తీసి అమ్ముకొని తాగినవ్. ఒకాయన పొలం ఎండిపోయి వచ్చి షాపు ముందట కూసున్నడు. తిట్టలే, కొట్టలే. పొద్దంత ఊకె కూసున్నడు. నువ్వు లోపట పడుకొని చచ్చిపోయినట్టు చేసినవ్. పుస్తకంల అది ఎంత మంచిగ రాసినవ్ బావా! నేను చదివి అన్నం తినలే ఆనాడు. సినిమాల ఏది? లేనే లేదు. దానికి బదులు హీరో వానల తడుసుకుంట మొగులు దిక్కు చూసి ఒర్రుతడు.

తాగుడు మాన్పే దవాఖాన నుంచి వచ్చినంక నువ్వు చుట్టిన మొదటి మోటర్ యాదికున్నదా? స్విచ్ ఏస్తే గుయ్యిమని తిరిగింది. నువ్వు దాని మీద చెయ్యి పెట్టి కూసున్నవ్, వేడైతదేమోనని, జొరమొచ్చిన బిడ్డ నొసలు మీద పెట్టినట్టు. గంట సేపు అట్లనే. వేడి కాలే. గది చూపిస్తే చాలకపోవునా?

ఇగ అక్క! అక్కను చూసినవా సినిమాల? తెల్లచీర, చేతుల దీపం. ఏడిస్తే కాటుక సుత చెదరది. మన అక్క ఎట్ల ఏడ్చేది? మిక్సీ ఏసుకొని ఏడ్చేది, ఇనవడద్దని. గందుకే మన ఇంట్ల అల్లం ఎల్లిగడ్డ ఎప్పుడు వెన్న లెక్క మెత్తగ ఉండేది.

ఇంకా ఆ గుడిగంట. అది నాకు అస్సలే సమజ్ కాలే. గోదారి ఒడ్డుకు హీరో పడి ఉంటడు. తెల్లారుతది. ఎక్కడనో గంట మోగుతది. కొంగలు లేస్తయ్. పైనుంచి తిప్పి తిప్పి చూపెడతరు. హీరో కండ్లు తెరుస్తడు, సీసా తీసి నీళ్ళల్ల ఇసురుతడు. హాలంత చప్పట్లు, ఈలలు. లింగమూర్తన్న, తువ్వాల.

ఏ గంట బావా? నువ్వు పుస్తకంల గంట అని రాయలే. "ఒకనాడు లోపల ఏదో కదిలింది, తెల్లారి కరీంనగర్ బస్సెక్కిన" అని రాసినవ్. గంతే.

ఏం కదిలింది? యాది చేసుకో జర.

ఆనాడు నువ్వు జామాకు నములుకుంట ఇంట్లకు వచ్చినవ్. వాసన పోవాలని రోజు వాకిట్ల చెట్టు ఆకు తెంపి నమిలేటోనివి. నేను నీ దగ్గరికి వచ్చి, "ఏం బావా, మేక లెక్క చెట్టంత మేసినవ్, ఆదివారం నిన్నే కోసుకోవాల్నా ఏంది?" అన్న. ఎప్పటి లెక్క నవ్వుతవనుకున్న. నవ్వలే. చెట్టు దిక్కు చూసినవ్. నీ చెయ్యి అందినకాడికి ఒక్క ఆకు లేదు. పైన పచ్చగున్నది, కింద బోడి. ఎవలో కొలిచి కత్తిరించినట్టు. దాని కింద మస్తు సేపు నిలవడ్డవ్.

తెల్లారి అక్కను తోలుకొని కరీంనగర్ పోయి దవాఖానల చేరినవ్.

గంట గాదు బావా. జామచెట్టు. పాపం దానికి సుత సినిమాల చోటు దొరకలే, నా తీరుగనే. దానికి ఓణీ కట్టలేక వదిలేసిండ్రో ఏమో.

ఏందట్ల చూస్తున్నవ్? నేను ఊకె పరాచికానికి అన్న అనుకుంటున్నవా?

అనుకుంటవ్. పుస్తకంల నా గురించి ఒక్క ముక్క రాసినవ్ గదా. "మా మరదలు కోమల ఆ చీకటి రోజుల్లో కూడా పరాచికాలాడి నన్ను నవ్వించేది." గా ఒక్క ముక్క పట్టుకొని డైరెక్టర్ సార్ ఓణీ తొడిగిండు, పాట పెట్టిండు. ఆయన తప్పేం లేదు. నువ్వే అట్ల అనుకుంటివి.

బావా. నేను పరాచికాలు ఎందుకాడిన?

నేను మీ ఇంటికి రాకముందు ఒకనాడు అక్క నిన్ను "తాగినవా?" అని అడిగిందట. నువ్వు కంచం ఇసిరికొట్టినవట. గోడ మీద పప్పు మరక నేను వచ్చిననాడు సుత ఉన్నది. ఏందక్కా ఇది అంటే, తడిగుడ్డ తీసుకొని రుద్దుకుంట చెప్పింది. అప్పటిసంది అక్క అడుగుడు బంద్ చేసింది. అడగకుంటే తెల్వదాయె. తెల్వకుంటే పాణం ఆగదాయె.

మరదలు అడిగితే తప్పులేదు గదా? మనకాడ మరదలు బావను ఏమన్న అనొచ్చు. మీసం గుంజొచ్చు, హోలినాడు బకెట్ల ముంచొచ్చు. "నాకు పెట్టకుండ ఏం తిన్నవ్ బావా, నోరు తెరువు" అని మొఖంల మొఖం పెట్టి అడిగితే ఎవలేమంటరు? నువ్వు సుత ఏమనకపోతివి. "ఆ" అని తెరిచేటోనివి, బడి పిల్లగాడు డాక్టరుకు చూపించినట్టు.

వాసన చూసేదాన్ని బావా. గంతే. గదే నా పరాచికం.

అక్క వంటింట్ల గంటె పట్టుకొని నిలవడేది. వాసన లేకుంటే, "అక్కా, బావకు అన్నం పెట్టు" అనేదాన్ని. ఉంటే, "అక్కా, బావకు ఆకలి లేదట" అనేదాన్ని. గా రెండు మాటల మీద నడిచింది మీ ఇల్లు. "ఆకలి లేదని ఎవలన్నరే? పేగులు అరుస్తున్నయ్!" అని నువ్వు లొల్లి చేసేలోపు అక్క బిడ్డను సంకనేసుకొని పక్కింట్ల ఉండేది. నేను నీకు అన్నం పెట్టుకుంట ఇంకో జోక్ చెప్పేదాన్ని.

ఏ జోకులు యాదికున్నయ్ నీకు? నాకు ఒక్కటి సుత యాదికి లేదు. వాసనలు మాత్రం అన్ని యాదికున్నయ్. సోంపు వాసన వస్తే అనుమానం. ఉల్లిగడ్డ వస్తే అనుమానం. ఏ వాసన రాకుంటే ఇంకా అనుమానం.

నువ్వు మానేసినంక నేను బంద్ చెయ్యాలె గదా? చెయ్యలే. ఎక్కువ చేసిన. పుస్తకం అచ్చయినంక సుత. కరీంనగర్ సభల నీకు శాలువ కప్పి దండ ఏసిండ్రు చూడు, స్టేజి ఎక్కి నీ పక్కకు వచ్చి, "బావా ఆగు, దండల ఈగున్నది" అన్న, యాదికున్నదా? అందరు నవ్విండ్రు. నువ్వు సుత.

ఈగ లేదు బావా.

కోపానికి వస్తున్నవా? రా. నాకు ఓపిక లేదు గని, రా. కోపంతోని ఒక మనిషిని అనుమానిస్తే మనసు హల్కగుంటది. తిడతం, అయిపోతది. నవ్వుకుంట అనుమానిస్తే దవడలు నొస్తయ్. పడుకునేముందు గీ దవడలు చేత్తోని రుద్దుకునేదాన్ని, చపాతి పిండి పిసికినట్టు.

అమిత్ ముచ్చట చెప్పిన్నా నీకు? చెప్పలే. ఆదిలాబాద్ నుంచి నన్ను చూడవచ్చినరోజు మీరందరు "ఇద్దరు మాట్లాడుకోండ్రి" అని దాబా మీదికి తోలిండ్రు. సగం తెలుగు, సగం మరాఠీ కలిపి పాపం ఏందో చెప్తుండు, పత్తి మిల్లుల నౌకరి అని, అమ్మకు మోకాళ్ళ నొప్పులని. నాకు ఒక్క ముక్క ఇనవడుతలే. నాకు తెల్వకుండనే నా మొఖం ఆయన మొఖం దిక్కు పోతుంది. ముక్కు ముందల, నేనెన్కల. ఆయన ఎన్కకు జరిగిండు. నేను ముందటికి జరిగిన. పిట్టగోడ తాకింది ఆయనకు. "కాయ్ ఝాలా, ఏమైందండీ? అత్తరు గిట్ల ఎక్కువైందా?" అన్నడు.

నవ్విన. మస్తు నవ్విన. ఆయన సుత నవ్విండు, గిది హుషారు పిల్ల అనుకున్నడు, అన్నీ ఒప్పుకొని పోయిండు. నేను కిందికి దిగి బాత్‌రూంల నీళ్ళ నల్ల ఇప్పుకొని ఏడ్చిన. మీ ఇంట్ల మిక్సీ ఒకటి, నల్ల ఒకటి.

ఆయన తాగడు బావా. అలవాటే లేదట. గని తాగని మనిషిని గూడ వాసన చూడకుండ నమ్ముడు నాతోని అయితలేదు. రేపు ఆయన డ్యూటీ దిగి ఇంటికొస్తే నేను ఎదురుపోయి ముక్కు పెట్టాల్నా? ముక్కుతోనే సంసారం చెయ్యాల్నా?

వచ్చే నెల పెండ్లి. నిన్న అక్క నా చీరలకు ఫాల్స్ కుట్టుకుంట ఏమన్నదో ఎరికేనా? "నువ్వు పోయినంక ఎవలు చూస్తరే కోమలా?" అన్నది. ఇల్లు ఎవలు చూస్తరని గాదు. బిడ్డను ఎవలు చూస్తరని గాదు. నీ నోరు ఎవలు చూస్తరని.

"వీడియో కాల్ చేస్త తియ్యక్కా, ఫోను మూతికి పెట్టుమను" అన్న. అక్క నవ్వలే. నేను సుత నవ్వలే. సూది ఆగింది, మళ్ళ నడిచింది.

అక్కను తప్పు పట్టకు. సినిమాల నువ్వు సీసా ఇసిరేయంగనే అయిపోయింది, పేర్లు పడ్డయ్, జనం లేసి చెప్పులు ఎతుక్కున్నరు. అక్కకు పేర్లు పడలే. ఆమెకు సినిమా ఇంకా నడుస్తనే ఉన్నది. అగో, పొయ్యి కాడ నిలవడి చూస్తుంది.

నేను ఈ మూలకు ఎందుకు కూసున్ననో ఎరికేనా? గాలి గోదారి దిక్కు నుంచి వస్తుంది. నా ఎన్క నుంచి నీ మీదికి పోతుంది. నీ దిక్కు నుంచి నాకు ఏం రాదు. గందుకు. ఎండకు గాదు.

ఏంది? ఏం చేస్తున్నవ్ బావా? ఎందుకు దగ్గరికి వస్తున్నవ్?

వద్దు. మూసుకో. నోరు మూసుకో అంటున్న గదా!

చూడు, ఇన్నేండ్లకు నీ అంతట నువ్వే నోరు తెరిచినవ్. నేను అడగకుండనే. సాఫ్ ఉంటే గిట్లనే తెరుస్తవ్. లేకున్నా గిట్లనే తెరుస్తవేమో, ఎవలన్న పట్టుకుంటే బాగుండునని. రెండిట్ల ఏదో నాకు తెల్వద్దు. నిజంగ చెప్తున్న, తెల్వద్దు. ఊపిరి బిగవట్టుకున్న, ఎన్కకు పో.

ఇయ్యాల నేను చూసి సాఫ్ అంటే, వచ్చే నెల ఎవలంటరు?

కండ్లల్ల నీళ్ళు తెచ్చుకోకు. లింగమూర్తన్న తువ్వాల సుత ఖాళీగ లేదు.

గ్లాసు నువ్వే తీస్కపో అక్క దగ్గరికి. ఎట్లున్నది అట్లనే. ఏమున్నదో నీ నోటితోని చెప్పు. ఆమె అడగకముందే చెప్పు. భయమైతుందా? ఏం చేస్తది? మహా అయితే కంచం ఇసురుతది. ఇసరనియ్యి, ఇప్పుడు వంతు ఆమెది.

లేవనియ్యి నన్ను. చెయ్యి ఇయ్యకు, నేను లేస్త. నడుము పట్టింది, ముసల్దాని లెక్క అయిపోయిన. పెండ్లిపిల్లను!

అక్క చూస్తుంది. చేతుల గంటె ఉన్నది. నేను దగ్గరికి పోంగనే రెండు మాటలల్ల ఒకటి చెప్పాలె. "బావకు అన్నం పెట్టు" అందామంటే అది అబద్ధం కావొచ్చు. "ఆకలి లేదట" అందామంటే అదీ అబద్ధం కావొచ్చు.

జలుబైందని చెప్త. ముక్కు పనిచేస్తలేదని. నమ్మదు, ఇంత ఎండల జలుబేందే అంటది. గందుకే తుమ్ముకుంట పోత. గా పోరి కంటె మంచిగనే చేస్త నటన, ఓణీ ఒక్కటే లేదు.

హా... హాఛ్!

ఎట్లుంది బావా? నిజం లెక్కనే ఉన్నదా, ఇంకోటి తుమ్మాల్నా?